జ్వరానికీ విడి గదికీ మధ్య ఎన్ని రోజులు?

కోవిడ్‌ను ఆపడానికి 2020 మార్చి 25న మన దేశమూ న్యూజిలాండూ ఒకే రోజు తలుపులు వేసుకున్నాయి. మనకు ప్రకటన 24 రాత్రి ఎనిమిదింటికి వచ్చింది, అర్ధరాత్రికి అమలైపోయింది. మధ్యలో ఉన్నవి నాలుగు గంటలు. న్యూజిలాండ్‌లో 23న చెప్పి 48 గంటలు గడువిచ్చారు. అంతకు ముందే, 21న, ఒకటి నుంచి నాలుగు దాకా హెచ్చరిక స్థాయిలు ప్రకటించి ఏ స్థాయిలో ఏది తెరుస్తారో ఏది మూస్తారో చెప్పేశారు. ఇంకా ముందు, 17న, పూర్తికాలపు ఉద్యోగికి వారానికి 585 డాలర్ల 80 సెంట్ల చొప్పున 12 వారాల మొత్తాన్ని యజమానుల చేతికి ఒక్కసారే ఇచ్చే పథకం తెచ్చారు. అక్కడి వరస ఇదీ: ముందు జీతం, తర్వాత నియమాల పట్టిక, ఆ తర్వాత తాళం.

మన వరసలో తాళం ముందు పడింది. కేంద్రం సాయం ప్యాకేజీ 26న వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డు ఉన్న ఇంటికి వెయ్యి రూపాయలు ఏప్రిల్ 4న వాలంటీర్లు పంచారు. ఉచిత బియ్యం, కందిపప్పు మార్చి నెలాఖరుకే మొదలయ్యాయి, అది మెచ్చుకోవలసిందే. కానీ ఆ సరుకు ఊళ్లో ఉన్నవాళ్లకు. గుజరాత్‌లోని వేరావల్ హార్బర్‌కు వేటకు వెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు వేల మంది బోట్లలోనే చిక్కుకుపోయారు. వాళ్లను తెచ్చే బస్సులు కదిలేసరికి ఏప్రిల్ నెలాఖరైంది. కార్డు ఇక్కడ, మనిషి అక్కడ.

అలాగని రెండు దేశాలనూ పక్కపక్కన పెట్టి వాళ్లు గొప్ప, మనం చేతకానివాళ్లం అనేయడం సరికాదు. న్యూజిలాండ్ జనాభా 50 లక్షలు, చుట్టూ సముద్రం. మన పాతపట్నానికీ ఒడిశాలోని పర్లాకిమిడికీ మధ్య రాష్ట్ర సరిహద్దు ఉందని మ్యాపు చూస్తే తప్ప తెలియదు. పెళ్లికి, పంటి నొప్పికి, పచారీ సామానుకి జనం రోజూ అటూ ఇటూ తిరుగుతారు. అలాంటి చోట ద్వీపం పద్ధతి పనిచేయదు.

చాలా దేశాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూశాక నాకు తేలింది ఒకటే. దేశం ఎంత గట్టిగా మూసింది అన్నది చెప్పేది తక్కువ. జ్వరం వచ్చిన మనిషి ఎన్ని రోజుల్లో విడిగా పడుకోగలిగాడు, పడుకున్నన్నాళ్లూ ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందా లేదా అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే, ఆ దేశంలో ఎంతమంది పోయి ఉంటారో చాలావరకు ఊహించవచ్చు.

ముందు కొలత సంగతి. ప్రభుత్వాలు ప్రకటించిన కోవిడ్ మరణాల సంఖ్యతో దేశాలను పోల్చకూడదు. పరీక్ష చేయకపోతే కోవిడ్ మరణం లేదు, నమోదు కాకపోతే అసలు మరణమే లేదు. పెరూ దీనికి పెద్ద సాక్ష్యం. 2021 మే 31న ఆ దేశం తన పాత లెక్కను తనే సరిదిద్దుకుంది: 69,342 కాస్తా 1,80,764 అయింది. ఒక్క రోజులో రెండున్నర రెట్లు. మరణాల్ని దాచిన దేశంగా దాన్ని తిట్టేవాళ్లున్నారు, నాకు మాత్రం ఆ సవరణ నిజాయితీగా కనిపిస్తుంది.

నమ్మదగిన కొలత అదనపు మరణాలు. అంతకుముందు ఐదేళ్లలో ఆ నెలల్లో సగటున ఎంతమంది పోయారో చూసి, మహమ్మారి ఏడాదిలో పోయినవారి సంఖ్య నుంచి తీసేయాలి. మిగిలినదే అదనం. దాన్ని లక్ష జనాభాకి ఎంత అని లెక్కకట్టాలి. తర్వాత వయసు చూడాలి. జపాన్‌లో 65 దాటినవాళ్లు నూటికి 28 మందికి పైగా ఉంటారు, మన దగ్గర దాదాపు ఏడుగురు. ఈ జబ్బు పెద్దవాళ్లనే ఎక్కువగా తీసుకుపోయింది కాబట్టి వయసు సరిచేయకుండా పోలిస్తే యువ దేశాలన్నీ గెలిచినట్టే కనిపిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో ఇచ్చిన అంచనా ప్రకారం 2020, 2021 రెండేళ్లలో ప్రపంచంలో అదనపు మరణాలు 1.49 కోట్లు, అందులో మన దేశానివి 47 లక్షలు. ఆ లెక్కను మన ప్రభుత్వం ఒప్పుకోలేదు.

ఈ గొడవ తీరకపోవడానికి కారణం మన ఊళ్లలోనే ఉంది. చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. పింఛను ఆపించడానికో, పొలం పేరు మార్పించడానికో, బీమాకో అవసరం పడితే నమోదవుతుంది. ఏ ఆస్తీ లేని ముసలమ్మ పోతే ఆ కాగితంతో ఎవరికీ పనిలేదు. రెండో లోపం ఇంకా పెద్దది: 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసి ఇచ్చినవి 22.5 శాతమే. మిగతా అందరూ "గుండాగిపోయింది", "జొరమొచ్చి పోయారు" కింద వెళ్లిపోయారు. పంచాయతీ కార్యదర్శి మరణాల రిజిస్టర్‌ను నెలనెలా అంతకుముందు ఏడాది అదే నెలతో పోల్చి చూస్తే, ఏ ల్యాబూ లేకుండానే ఊళ్లో ఏదో నడుస్తోందని రెండు మూడు వారాల్లో పట్టేయవచ్చు. ఖర్చు ఒక పేజీ కాగితం.

ఇక గడియారం. తొలి రకం కరోనాలో ఒకరి జ్వరానికీ, వారి నుంచి అంటిన ఇంకొకరి జ్వరానికీ మధ్య సగటున ఐదు రోజులు. పైగా లక్షణాలు కనిపించడానికి రెండు రోజుల ముందు నుంచే మనిషి అంటిస్తాడు. ఇప్పుడు మన పల్లెలో ఒక మనిషిని ఊహించండి. ఆదివారం సాయంత్రం ఒళ్లు నొప్పులు. "ఏటవుతాది, ఎండదెబ్బ" అనుకుంటాడు. సోమ, మంగళవారాలు మెడికల్ షాపు మాత్రలు. బుధవారం ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్. గురువారం పీహెచ్‌సీలో ముక్కులోంచి నమూనా తీస్తారు. అది బయటి జిల్లా ల్యాబుకు వెళ్లి ఫలితం వచ్చేసరికి మళ్లీ ఆదివారం. అతను శుక్రవారం నుంచీ అంటిస్తున్నాడు, అంటే తొమ్మిది రోజులు అయిపోయాయి. అతని నుంచి అంటినవాళ్లు అప్పటికే ఇంకొకరికి అంటించేశారు. ఆ తర్వాత వీధికి అడ్డంగా రేకులు కట్టినా, బ్లీచింగ్ చల్లినా పట్టుకునేది ఖాళీ గూటినే. 2020లో కరోనా వచ్చిన తొలి వారాల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పరీక్షా కేంద్రం లేదు కాబట్టి ఈ లెక్క మనకు ఊహ కాదు.

దక్షిణ కొరియా గెలిచింది సరిగ్గా ఈ గడియారం మీదే. 2015లో వాళ్ల దేశానికి మెర్స్ అనే ఊపిరి జబ్బు వచ్చింది. 186 మందికి సోకి 38 మంది చనిపోయారు, పరీక్షలు ఆలస్యమై ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి పాకింది. ఆ దెబ్బకు చట్టం మార్చుకున్నారు: అత్యవసరంలో ప్రైవేటు కంపెనీల కిట్లకు వెంటనే అనుమతి ఇవ్వవచ్చు. 2020 జనవరి 20న తొలి కోవిడ్ కేసు, 27న సియోల్ రైల్వే స్టేషన్‌లో కిట్ల కంపెనీలతో సమావేశం, ఫిబ్రవరి 4న తొలి కిట్టుకు అనుమతి. ఫిబ్రవరి మూడో వారంలో దేగూ నగరంలో కేసులు ఒక్కసారిగా పేలేనాటికి చేతిలో కిట్లున్నాయి, కారు దిగకుండా నమూనా ఇచ్చే శిబిరాలొచ్చాయి. అదే ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వ సంస్థ తయారుచేసిన కిట్లో ఒక భాగం పాడై రాష్ట్రాల ల్యాబులు వారాల తరబడి చేతులు కట్టుకు కూర్చున్నాయి. సొమ్ముకీ శాస్త్రవేత్తలకీ కొదవ లేని దేశం ఆ వారాల మూల్యం చివరిదాకా కట్టింది.

ఆంధ్రప్రదేశ్ తొందరగానే ఒక మంచి పని చేసింది. క్షయ పరీక్షకు వాడే ట్రూనాట్ యంత్రాల్ని కోవిడ్‌కు మళ్లించింది. చిన్న పెట్టెంత యంత్రం, బ్యాటరీ మీద నడుస్తుంది, గంటా గంటన్నరలో ఫలితం. ఏజెన్సీ వైపు, సీతంపేట లాంటి చోట, ఇలాంటిదే పనికొస్తుంది. నమూనాను ఐస్ పెట్టెలో పెట్టి కొండ దించేటప్పుడే అసలు నష్టాలు: రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాల్సింది మధ్యాహ్నానికి ఐసు కరిగిపోతుంది, మూత బిగించని ట్యూబు ఒలికి పక్కవాటిని కూడా పాడుచేస్తుంది, ట్యూబు మీద పేరు తడిసి చెరిగిపోతుంది. పెన్సిలుతో రాసి, ట్యూబును పాలిథిన్ సంచిలో మూతకట్టి, నిటారుగా నిలబెట్టాలి. ముక్కులో పుల్ల పెట్టేటప్పుడు పైకి కాకుండా చెవి వైపు తిన్నగా, అడ్డు తగిలేదాకా పోనివ్వాలి. ముక్కు కొసన తిప్పి తీసేస్తే ఉన్న జబ్బు కూడా లేదనే వస్తుంది.

కేసులు తక్కువున్నప్పుడు కిట్లు పొదుపు చేయడానికి ఐదు నమూనాల్ని కలిపి ఒకటిగా పరీక్షించవచ్చు. నూటికి ఒక్కరికే జబ్బుందనుకోండి: 100 నమూనాలకు 20 గుంపులు, ఒక గుంపు పాజిటివ్ వస్తే అందులోని ఐదుగురికీ విడిగా, మొత్తం 25 పరీక్షలతో పని అయిపోతుంది. నూటికి పది మందికి ఉంటే గుంపుల్లో నూటికి నలభై దాకా పాజిటివ్ వచ్చి పొదుపు బాగా తగ్గిపోతుంది, పైగా ఫలితం ఆలస్యమవుతుంది. అందుకే ఇది తొలి రోజుల ఆయుధం. 2020 మేలో వూహాన్ మొత్తం జనానికి పరీక్ష చేసినప్పుడు ఈ గుంపు పద్ధతినీ వాడారు.

ఏప్రిల్ 25న పాతపట్నం మండలంలో తొలి కేసులు తేలేదాకా శ్రీకాకుళం జిల్లా సున్నాలో ఉంది. విజయనగరం మే మొదటి వారం దాకా ఉంది. ఆ సున్నా దొరికిన అదృష్టాన్ని నేను చిన్నచూపు చూడను. అది మనకు దక్కిన నెల రోజుల గడువు. తైవాన్‌కు కూడా అలాంటి గడువే దొరికింది. కాకపోతే వాళ్లు 2019 డిసెంబర్ 31 రాత్రి నుంచే వూహాన్ విమానాల్లోకి ఎక్కి ప్రయాణికుల్ని చూడటం మొదలుపెట్టారు, ఫిబ్రవరి 6 నుంచి ఆరోగ్య బీమా కార్డు చూపిస్తే మాస్కులు కోటా ప్రకారం ఇచ్చారు. 2.3 కోట్ల జనాభాలో 2020 మొత్తానికి చనిపోయింది ఏడుగురు.

తైవాన్ నుంచి మనం నేర్చుకోవాల్సింది మాస్కు కోటా కన్నా క్వారంటీన్ మనిషికి చేసిన ఏర్పాటు. 14 రోజులు గడప దాటకూడదు, దాటితే లక్ష నుంచి పది లక్షల తైవాన్ డాలర్ల దాకా జరిమానా. దాటకుండా ఉంటే రోజుకు వెయ్యి డాలర్ల చొప్పున పరిహారం. వార్డు అధికారి ఫోన్ చేసి ఒళ్లెలా ఉందో అడుగుతాడు, బియ్యం నూడుల్స్ సంచి గుమ్మంలో పెట్టి వెళతాడు. కర్రా, కంచమూ రెండూ ఉన్నాయి. కొరియా కూడా ఒంటరిగా విడి ఉన్నవారికి 4,54,900 వాన్లు ఇచ్చింది, నలుగురుండే ఇంటికి 12 లక్షల 30 వేలు. ఇంగ్లండ్ కాంటాక్టుల్ని పట్టుకోవడానికి రెండేళ్లకు 3,700 కోట్ల పౌండ్ల బడ్జెట్ పెట్టుకుంది. విడిగా ఉండేవారికి 500 పౌండ్ల సాయం మాత్రం 2020 సెప్టెంబర్ నెలాఖరుకు గానీ రాలేదు, అదీ తక్కువ ఆదాయం ఉన్నవారికే. లక్షణాలున్నవారిలో సగం మంది కూడా పూర్తిగా ఇంట్లో ఉండలేదని అక్కడి సర్వేల్లోనే తేలింది. పట్టుకోవడానికి సొమ్ముంది, పట్టుకున్నవాడు ఇంట్లో కూర్చోవడానికి లేదు.

మన చేతిలో ఉన్న చట్టం 1897 నాటిది, బొంబాయి ప్లేగు కాలంలో రాసింది. రాసినప్పుడు నాలుగే సెక్షన్లు. ఆపే అధికారం, తనిఖీ చేసే అధికారం, శిక్ష ఉన్నాయి. ఆపినవాడికి అన్నం ఎవరు పెట్టాలో ఒక్క మాట లేదు. రెక్కాడితే గాని డొక్కాడని కూలీకి పాజిటివ్ అన్న మాట జబ్బు పేరులా వినిపించదు, పద్నాలుగు రోజుల కూలి పోయిందన్న కబురులా వినిపిస్తుంది. దాచుకోడా మరి?

పెరూ సరిగ్గా ఇక్కడే కుప్పకూలింది. లాటిన్ అమెరికాలో తొలి దేశాల్లో ఒకటిగా, 2020 మార్చి 16నే, సైన్యాన్ని దించి మరీ మూసింది. కానీ పది మందిలో ఏడుగురు రోజువారీ సంపాదనాపరులు, దాదాపు సగం ఇళ్లలో ఫ్రిజ్ లేదు. ఫ్రిజ్ లేనింటికి కూర రెండు రోజులకోసారైనా కొనక తప్పదు. దుకాణాల వేళలు కుదించేసరికి అదే జనం తక్కువ గంటల్లో అదే సంతలో ఒత్తుకున్నారు. సాయం డబ్బు ప్రకటిస్తే బ్యాంకు ఖాతా లేనివాళ్లు బ్యాంకుల ముందు బారులు తీరారు. రైతుబజారు వేళల్ని ఉదయం పూట మూడు గంటల సేపటికే కుదిస్తే మన దగ్గరా ఇదే జరుగుతుంది. వేళ పెంచి, దుకాణాల్ని స్కూలు గ్రౌండుకి మార్చి దూరదూరంగా పెట్టించడం మేలు, ఆ పని మన పట్టణాల్లో కొన్ని చోట్ల చేశారు కూడా.

విడి గది సంగతికి వద్దాం, ఎందుకంటే చాలా ప్రణాళికలు అక్కడే పల్టీ కొడతాయి. "హోం ఐసోలేషన్" అన్న మాటలో ఒక ఇల్లు, అందులో ఖాళీగా ఒక గది, ఆ గదికొక బాత్రూము ఉన్నాయని ముందే అనుకున్నారు. వూహాన్‌లో 2020 జనవరిలో తేలికపాటి రోగుల్ని ఇంటికి పంపారు. ఇంటిల్లిపాదికీ అంటింది. ఫిబ్రవరి మొదటి వారం నుంచి స్టేడియాల్లో, ప్రదర్శనశాలల్లో 16 తాత్కాలిక ఆసుపత్రులు తెరిచి తేలికపాటివాళ్లను కూడా అక్కడికి తరలించాకే గొలుసు తెగింది. దేగూలో మంచాలు దొరక్క కొందరు ఇళ్లలోనే పోయాక కొరియా కంపెనీల శిక్షణ హాస్టళ్లను తీసుకుని మనిషికో గది ఇచ్చింది, రోజుకు రెండుసార్లు ఫోన్లో జ్వరం, ఆక్సిజన్ అడిగి రాసుకున్నారు. వియత్నాం అంటినవాడిని ఎఫ్‌0 అని, అతన్ని నేరుగా కలిసినవాడిని ఎఫ్‌1 అని, వాడిని కలిసినవాడిని ఎఫ్‌2 అని పేర్లు పెట్టి ఎఫ్‌1లను సైన్యం శిబిరాల్లో ఉంచింది. 2020 జులై 31 దాకా ఆ దేశంలో ఒక్క మరణం లేదు. కానీ 2021లో డెల్టా హోచిమిన్ నగరంలోకి వచ్చేసరికి శిబిరాలు నిండిపోయాయి, అప్పటికి టీకాలు పడినవాళ్లు కొద్దిమందే, నెలల్లోనే వేల మంది పోయారు. శిబిరం పద్ధతికి ఒక హద్దుంది, అది దాటేలోపు టీకా అందాలి.

సింగపూర్ ఇంకో పాఠం. పౌరుల్ని బాగానే కాపాడుకుంది, కానీ వలస కార్మికుల డార్మిటరీల్లో గదికి పన్నెండు, పదహారు మంది. 2020 డిసెంబర్ నాటికి అక్కడుండే కార్మికుల్లో 47 శాతానికి సోకింది. మన పిల్లలు పనికెళ్లే చోట్లన్నీ, చెన్నై కట్టడాల దగ్గరి రేకుల షెడ్లైనా, వేరావల్ బోటైనా, అలాంటివే.

మన పల్లెకు పనికొచ్చే లెక్క: వెయ్యి గడపల పంచాయతీకి పది పన్నెండు మంచాలు చాలు, అవి తొలి వారంలో దొరకాలి. హైస్కూలు తరగతి గదుల్లో రెండు ఎదురెదురు గోడలకీ కిటికీలుంటాయి, గాలి అడ్డంగా పారుతుంది. మంచానికీ మంచానికీ ఆరడుగులు. బడిలో తక్కువయ్యేది మరుగుదొడ్డి. పది మందికి ఒకటైనా లేకపోతే రెండో రోజుకే జనం ఇంటికి పారిపోతారు. ఆడవాళ్లకు వేరే గది, తలుపుకు లోపలి గడియ. పాలు తాగే బిడ్డ ఉంటే తల్లితోనే ఉంచాలి. తుపాను షెల్టర్లు ఉన్నాయి కదా అంటారు, కానీ 2021 సెప్టెంబర్ 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మహమ్మారి తుపానుని ఆగమనదు. షెల్టరును రోగులతో నింపేస్తే మత్స్యకారుల్ని ఎక్కడ పెడతాం? బడినే వాడాలి.

భయం సంగతి కూడా చెప్పాలి. కొరియా రోగి ఏ రోజు ఏ హోటల్లో తిన్నాడో అంతా ప్రచురించేది. జనం ఆరా తీసి పరువు తీశారు. 2020 మేలో సియోల్లోని ఇటేవాన్ క్లబ్బుల్లో వ్యాప్తి జరిగినప్పుడు వెళ్లినవాళ్లు ముందుకు రాలేదు. అప్పుడు పేరు అడగకుండా ఫోన్ నంబరు మీదే పరీక్షలు మొదలుపెట్టారు, వేల మంది వచ్చారు. మన దగ్గర ఇళ్లకు అంటించిన పోస్టర్లు అవసరం లేదని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్ 9న చెప్పింది. అదే ఏడాది జూన్‌లో పలాసలో ఒక పెద్దాయన మృతదేహాన్ని జేసీబీలో తరలించారు, బాధ్యులైన అధికారుల్ని సస్పెండ్ చేశారు. శవం ఊపిరి తీయదు, దగ్గదు. సంచిలో చుట్టి, పైన ఒక శాతం హైపోక్లోరైట్ ద్రావణం చల్లి, చేతులకు గ్లౌజులు వేసుకుంటే నలుగురు మోయవచ్చు. లీటరు నీటికి 30 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు కలిపితే ఆ ద్రావణం వస్తుంది. మూత తీసి నెలలు పెట్టిన పొడిలో క్లోరిన్ ఉండదు. వీధి పొడవునా ముగ్గులా చల్లే పొడి గాల్లో ఉన్న వైరస్‌కు ఏమీ చేయదు. ఆ డబ్బుతో ఆశా కార్యకర్తకు మంచి మాస్కులు కొనవచ్చు.

గాలి గురించి ముందుగా జనానికి తేలిక మాటల్లో చెప్పింది జపాన్. మూసిన చోటు, కిక్కిరిసిన చోటు, దగ్గరగా మాటలు, ఈ మూడూ కలవకుండా చూసుకోమంది. పైడితల్లమ్మ సిరిమానోత్సవంలో ఆరుబయట నిలబడ్డవాడి కన్నా, అదే రాత్రి ఏసీ ఫంక్షన్ హాల్లో బంతిలో కూర్చున్నవాడికే ప్రమాదం ఎక్కువ. దేశాన్ని మూయని స్వీడన్ పేరు తలవగానే కొట్లాట మొదలవుతుంది కాబట్టి రెండు ముక్కలు: చిన్న బడులు మూయలేదు, జబ్బు సెలవు తొలి రోజు జీతం కోత ఎత్తేసింది, రెండూ మంచివే. వృద్ధాశ్రమాల్లో గంటల లెక్కన పనిచేసే సిబ్బంది ఒక ఆశ్రమం నుంచి ఇంకోదానికి జబ్బు మోసుకెళ్లారు. 2020లో తలసరి మరణాలు పక్కనున్న నార్వే కన్నా దాదాపు పది రెట్లు. పెద్దల్ని కాపాడలేకపోయామని వాళ్ల కమిషనే ఆ డిసెంబర్‌లో రాసింది. మొత్తం మూడేళ్ల అదనపు మరణాలు తీస్తే మాత్రం ఐరోపాలో తక్కువ ఉన్న దేశాల్లో స్వీడన్ ఉంటుంది. రెండూ నిజాలే.

ఆక్సిజన్ గురించి ఎవరు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. 2021 ఏప్రిల్‌లో దేశంలో ఆక్సిజన్ లేక కాదు జనం పోయింది. అది తూర్పు వైపు ఉక్కు కర్మాగారాల్లో ఉంది, రోగులు ఢిల్లీలో, మహారాష్ట్రలో ఉన్నారు, మోసే ట్యాంకర్లు చాలలేదు. తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు నిండు ట్యాంకర్లతో ఏప్రిల్ 22న బయలుదేరింది మన పక్కనున్న విశాఖ ఉక్కు నుంచే, ట్యాంకర్లు ఏడు.

లెక్క తెలిస్తే రాత్రి మూడింటికి గుండె ఆగదు. జంబో సిలిండర్, అంటే డి టైపు, నిండుగా ఉంటే 7,000 లీటర్లు. చిన్న బి టైపు 1,500 లీటర్లు. నిమిషానికి ఐదు లీటర్ల మీద ఉన్న రోగికి బి టైపు ఐదు గంటలు, జంబో 23 గంటలు వస్తుంది. 15 లీటర్ల మాస్కు మీద జంబో ఏడు గంటలా నలభై ఐదు నిమిషాలు. 60 లీటర్ల హై ఫ్లో యంత్రం పెడితే రెండు గంటల్లోపు. ఒక్క హై ఫ్లో రోగి పన్నెండు మంది మామూలు రోగుల గాలి తాగేస్తాడు, ఊరి ఆసుపత్రుల్లో పైపు చివరి మంచాల దగ్గర ఒత్తిడి పడిపోయింది ఇందుకే. టన్ను ద్రవ ఆక్సిజన్ దాదాపు వంద జంబోలకు సమానం. శ్రీకాకుళం నుంచి విశాఖకు సిలిండర్ వెళ్లి, నిండి, తిరిగి రావడానికి రోజు పడుతుందనుకుంటే, వాడకంలో ఉన్నవాటికి మూడింతలు సిలిండర్లు ఉండాలి: ఒకటి రోగి దగ్గర, ఒకటి దారిలో, ఒకటి నిలువలో. రెగ్యులేటర్ బిగించే చోట వాషరు అరిగి బుస్సుమంటుంటే సబ్బు నీళ్లు రాసి చూడాలి, నూనె గ్రీజు అస్సలు తగలకూడదు, నిప్పంటుకుంటుంది. స్పానర్‌ను ట్రాలీకి గొలుసుతో కట్టేయాలి, అవసరమైన క్షణంలో అదే కనిపించదు. రోగిని బోర్లా పడుకోబెడితే చాలామందికి ఆక్సిజన్ శాతం పెరుగుతుంది, దానికి పైసా ఖర్చు లేదు.

బ్రిటన్ దేశంలో అంత మంది పోయినా ప్రపంచానికొక మేలు చేసింది. వేలమంది రోగులపై ఒకే పద్ధతిలో మందులు పోల్చి 2020 జూన్ 16న చౌకైన డెక్సామెథసోన్ ప్రాణం కాపాడుతుందని తేల్చింది. వెంటిలేటర్ మీద ఉన్నవారి మరణాలు మూడో వంతు తగ్గాయి, ఆక్సిజన్ మీద ఉన్నవారివి ఐదో వంతు. రోజుకు 6 మిల్లీగ్రాములు, పది రోజులకు మించకుండా, ఆక్సిజన్ అవసరమైనవారికే. ఆక్సిజన్ అక్కర్లేనివారికి మేలు కనిపించలేదు. మన దగ్గర 2021లో జ్వరం వచ్చిన రెండో రోజే ఇచ్చేశారు. షుగర్ ఉన్నవాళ్లలో అది పెరిగి నల్ల ఫంగస్‌కి దారితీసింది.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం గురించి రాయకుండా శ్రీకాకుళం జిల్లాలో మహమ్మారి ప్రణాళిక పూర్తికాదు. అక్కడి కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ రోగులకు ఇంట్లో ఉండమనే సలహా చెల్లదు. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, అందరితో కలిసి డయాలసిస్ హాల్లో పడుకోవాల్సిందే. ఒక్క విడత తప్పితే ఒంట్లో నీరు చేరి ఊపిరి ఆడదు, అది చూసి కోవిడ్ అనుకుని ఇంకో ఆసుపత్రికి తిప్పుతారు. ఇంగ్లండ్ అతి ప్రమాదంలో ఉన్న 22 లక్షల మందికి పేరుపేరునా ఉత్తరాలు రాసి, అవసరమైనవారికి తిండి పెట్టెలు పంపింది. అలాంటి జాబితా మనకు ఇప్పటికే ఉంది: డయాలసిస్ పింఛను రిజిస్టర్. దాంట్లోని పేర్లకు ముందు టీకా, ముందు పరీక్ష, రాకపోకలకు పాసు ఉన్న ఆటో. పాజిటివ్ వచ్చినవారికి రోజులో ఆఖరి షిఫ్టు, మూల యంత్రం, తర్వాత హాలు కిటికీలు తీసి గాలి ఆడనివ్వడం.

టీకా దగ్గర హాంకాంగ్ చేసిన తప్పు ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. రెండేళ్లు వైరస్‌ను గుమ్మంలోనే ఆపింది, టీకాలు కావలసినన్ని ఉన్నాయి, కానీ 80 దాటినవాళ్లలో ఎక్కువ మంది వేయించుకోలేదు. 2022 తొలి నెలల్లో ఒమిక్రాన్ వచ్చి వృద్ధాశ్రమాల్ని ఊడ్చేసింది. న్యూజిలాండ్ పెద్దలకు వేసి, తర్వాతే తలుపు తీసింది. మన రాష్ట్రం 2021 జూన్ 20న ఒక్క రోజులో 13 లక్షలకు పైగా డోసులు వేసింది, ఆ సత్తా మన ఏఎన్ఎంలది. అయితే అలాంటి మేళాకు నడవగలిగినవాళ్లు వస్తారు. మంచం పట్టినవాళ్ల దగ్గరకు ఐసు పెట్టె మోసుకుని వెళ్లాలి, వాళ్ల పేర్లు పింఛను ఇంటికి తెచ్చిచ్చేవాళ్లకు తెలుసు.

ఇక సరిహద్దు. ఇచ్ఛాపురం చెక్‌పోస్టులో జ్వరం చూసే తుపాకీ యంత్రం పెట్టడం వల్ల పెద్ద లాభం లేదు. లక్షణాలు రాకముందే అంటించేవాడు దాన్ని దాటేస్తాడు, మాత్ర వేసుకున్నవాడూ దాటేస్తాడు. దానికన్నా పాతపట్నం పీహెచ్‌సీ, పర్లాకిమిడి ఆసుపత్రి రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్లో మాట్లాడుకోవాలి. ఆ రోజు తేలిన పాజిటివ్‌లలో అటువాళ్లెవరు, ఇటువాళ్లెవరు, గత వారం ఏ పెళ్లికి, ఏ సంతకు వెళ్లారు అన్నది రెండు భాషల్లో మాట్లాడగల ఒక ఆరోగ్య కార్యకర్త ఒకే నోటుబుక్కులో రాసుకోవాలి.